పెద్దమేస్టారి కుర్చీ

మా మావయ్య గెజిటెడ్ హెడ్మాస్టరుగా రిటైరై చాలా ఏళ్లయింది. ఇప్పటికీ సాయంత్రం అయ్యకోనేరు గట్టు మీద నడుస్తుంటే ఎవరో ఒకరు బండి ఆపి "పెద్దమేస్టారూ" అని దండం పెడతారు. నేను స్కూల్ అసిస్టెంటుని. పాలకొండ అవతల ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో రెండేళ్లుగా ఇన్‌ఛార్జి హెడ్మాస్టర్ని కూడా. ఆయన కంటికి శుక్లం తీయించుకున్నారని తెలిసి ఆ ఆదివారం విజయనగరం బయల్దేరాను. బస్సు చీపురుపల్లి దాటకముందే ఫోనులో సీనియారిటీ జాబితా పడింది.

మా గ్రూపుల్లో తెల్లారింది మొదలు ఇవే వార్తలు. తాత్కాలిక జాబితా, అభ్యంతరాలకు గడువు, ఖాళీల పట్టిక, ఫలానా జీవోకి వివరణ, ఆ వివరణకి సవరణ. పేపరు తిరగెయ్యని ఉపాధ్యాయుడు కూడా వీటిని వదలడు. మావయ్య నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. తను చదవలేరు కనక నన్నే చదవమన్నారు. చదువుతుండగా మొదలైన మాట, భోజనానికి లేచి మళ్లీ కూర్చున్నాక కూడా తెగలేదు. గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

మావయ్య: నీ పేరెక్కడుందమ్మా?

నేను: చాలా కింద. నా ముందున్నవాళ్లలో చాలామందికి అరవై దగ్గర పడింది. వాళ్లంతా ఎక్కి దిగాలి. నా వంతు వచ్చేసరికి నాకూ రెండు మూడేళ్ల సర్వీసే మిగులుతుంది.

మావయ్య: నాకు మూడేళ్లే మిగిలింది. ఏటైపోయింది? పని చెయ్యలేదేటి?

నేను: చేశావు. కానీ మొదటి ఏడాది ఊరు తెలుసుకోవడానికి, చివరి ఏడాది పెన్షన్ కాగితాలకి సరిపోయిందని అత్తయ్యతో నువ్వే అన్నావు. మధ్యలో ఆ ఒక్క ఏడాది కోసం ముప్ఫై ఏళ్లు వరసలో ఉన్నావు. నీకు అది గౌరవమే, కాదనను. బడికి దక్కిందెంత?

మావయ్య: తల నెరిసిన మనిషి దక్కాడు. సర్పంచి గదిలోకొచ్చి గొంతు పెంచబోయి, నా మొహం చూసి తగ్గించుకునేవాడు. వాళ్ల నాన్నకి కూడా నేను పాఠం చెప్పానని వాడికి తెలుసు. ఆ జంకు బడికి కాపలా.

నేను: ఆ జంకు వయసు వల్ల వచ్చింది కాదు మావయ్యా, నీ పాఠం వల్ల వచ్చింది. అందరికీ వయసొస్తుంది. పదేళ్లు పాఠం చెప్పి, బడి నడపాలని ఇష్టమున్నవాళ్లకి పరీక్ష పెట్టి ఎంచుకోవాలంటాను. మిగతా చోట్ల అలాగే ఉంది కదా. డిప్యూటీ ఈవో పోస్టులు 38కి ఏపీపీఎస్సీ 2023లో ప్రకటన ఇచ్చింది. మొన్న 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టుల్లో 52 ప్రిన్సిపాల్ పోస్టులు. కేంద్రీయ విద్యాలయాలు 2022లో 239 మంది ప్రిన్సిపాళ్లకి, 203 మంది వైస్ ప్రిన్సిపాళ్లకి పిలిచాయి. ఏకలవ్య బడులు 2023లో 303 మంది ప్రిన్సిపాళ్లకి పిలిచాయి. కొండ పక్క ఏకలవ్య బడికి పెద్దని పరీక్ష పెట్టి తెచ్చుకుంటారు. దాని కిందనున్న ఊళ్లో జిల్లా పరిషత్ బడికి మాత్రం జాబితాలో ఎవరి పేరు పైకొస్తే వాళ్లు.

మావయ్య: మనకీ పరీక్ష ఉంది. పేపర్లు 88, 97, 141. నేను రెండుసార్లు రాసి గట్టెక్కాను.

నేను: ఆ డిపార్ట్‌మెంటల్ టెస్టుల్లో ఏముంది? సెలవు నిబంధనలు, ఖాతాలు, సర్వీసు రూల్సు. అవి కావాలి, వద్దనను. పదో తరగతిలో సగం మంది గుణకారం దగ్గరే ఆగిపోతే లెక్కల మేస్టారితో ఎలా మాట్లాడాలో వాటిలో ఉందా?

మావయ్య: అది ఏ పరీక్షలో ఉంటుందే? నువ్వు పెట్టమన్న దాంట్లో మాత్రం ఉంటుందా? నాలుగు జవాబుల్లో ఒకటి గీసినవాడికి బడి అప్పజెబుతావా?

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఇప్పుడైనా పూర్తి జవాబు లేదు. పరీక్షతో పాటు ఆ మనిషి పాఠం కూర్చుని చూడాలి, పని చేసిన బడిలో అడగాలి అన్నాను. ఆయన పడక్కుర్చీలోంచి లేచి నిటారుగా కూర్చున్నారు.

మావయ్య: ఎవరడుగుతారు? అక్కడే వస్తుంది చిక్కంతా. కౌన్సెలింగులు రాకముందు సంగతి నీకు తెలీదు. బదిలీ కావాలంటే తెల్లచొక్కా వాళ్ల ఇంటి ముందు చెప్పులు విప్పి నిలబడేవాళ్లం. వాళ్లిచ్చిన ఉత్తరం పట్టుకుని జిల్లా ఆఫీసుకి పరుగు. పల్లెటూరి మేస్టారికి, అందులోనూ వెనక ఎవరూ లేని కులంలోంచి వచ్చినవాడికి, ఎవడూ లాక్కోలేని ఆస్తి ఒకటే. చేరిన తేదీ. సీనియారిటీ అంటే అదే. ఎంపిక అనగానే ఎంపిక చేసేవాడొకడు వస్తాడు. వాడికి ఫోను చేసేవాడు ఇంకొకడు వస్తాడు.

నేను: ఆ భయంతోనే ఇన్నేళ్లు ఊరుకున్నాం.

మావయ్య: భయం కాదమ్మా. చూసినది.

నేను: సరే, నువ్వు చూసినది చెప్పావు, నేను చూస్తున్నది విను. మా బడికి రెండేళ్లుగా హెడ్మాస్టరు లేరు. ఉన్నవాళ్లలో సీనియర్ని కనక నన్ను కూర్చోమన్నారు. కిల్తంపాలెం, వెన్నెలవలస నవోదయల్లో వైస్ ప్రిన్సిపాల్ అని ఒక పోస్టుంది. 1962 నుంచీ ఉన్న కోరుకొండ సైనిక్ స్కూల్లో రక్షణ శాఖ అధికారి ప్రిన్సిపాల్, ఆయన కింద పని పంచుకోవడానికి ఇంకో అధికారి. జిల్లా పరిషత్ బడిలో ఆ రెండో కుర్చీ అన్న మాటే లేదు. సీనియర్ అసిస్టెంటని పిలుస్తారు, అది పోస్టు కాదు, పైసా లేదు, ఉత్తర్వు లేదు. పెద్ద లేనప్పుడు పెద్ద. వారానికి నా సైన్సు పీరియడ్లు అలాగే ఉన్నాయి. జీతాల బిల్లు మీద సంతకం చేసే అధికారం నాకు లేదు, పక్క మండలం హెడ్మాస్టరుకి అదనపు బాధ్యత ఇచ్చారు. నెలాఖరుకి కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికి వెళతాను. బడి శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. నా సీనియారిటీ మాత్రం ఇంకా ఉమ్మడి శ్రీకాకుళం లెక్కలోనే. ఒక పనికి పార్వతీపురం, ఇంకో పనికి శ్రీకాకుళం.

మావయ్య: ఉదయం ఏం చేస్తావు?

నేను: వెళ్లగానే మొహం చూపించి హాజరు. పిల్లల హాజరు. మధ్యాహ్న భోజనానికి ఎంతమందో నమోదు. గుడ్లు వచ్చాయా, చిక్కీలు వచ్చాయా. బూట్ల కొలతలు తప్పాయని ఒక తల్లి, తల్లికి వందనం పథకం డబ్బులు పడలేదని ఇంకో తల్లి. ఆధార్‌లో పేరు ఒకలా, బడిలో ఒకలా ఉన్న పిల్లాడి అపార్ నంబరు. మొదటి పీరియడు గంట కొట్టేస్తారు, నేను గదిలోనే ఉంటాను. తొమ్మిదో తరగతి గుంటలు వచ్చి గుమ్మంలో నిలబడతారు, "మేడం, మాకు క్లాసు లేదా" అని. ఆ ప్రశ్న రాత్రి పడుకున్నాక కూడా వినిపిస్తుంది.

ఆయన కాసేపు మాట్లాడలేదు. లోపలి నుంచి అత్తయ్య మజ్జిగ తెచ్చిచ్చి వెళ్లింది.

మావయ్య: మరి మీ జిల్లాయే కదమ్మా పదో తరగతిలో మొదటి స్థానం? 2024లో 96.37 శాతం, 2025లో 93.90. రాష్ట్రం మొత్తానికి పైన. కొండల్లో ఉన్న జిల్లా. ఈ జాబితాల పెద్దమేస్టార్లతోనే కదా తెచ్చింది?

నేను: మావయ్యా, 2025లో మా బడి కూడా ఆ లెక్కలో ఉంది. ఆ ఏడాది మా బడికి హెడ్మాస్టరే లేరు. మా తెలుగు మేస్టారు, లెక్కల మేడం రాత్రి ఏడింటిదాకా పిల్లల్ని కూర్చోబెట్టి చదివించారు. ఆ అంకె వాళ్లది.

మావయ్య: అయితే హెడ్మాస్టరు లేకపోయినా బడి నడుస్తుందంటావా?

నేను: పది నడుస్తుంది. ఆరు, ఏడు, ఎనిమిది నడవవు. పరీక్ష ఉన్న తరగతిని ఎవరైనా పట్టించుకుంటారు. పరీక్ష లేని తరగతి గురించి ఆలోచించడానికే ఒక మనిషి కావాలి.

ఆ తర్వాత మాట సంగీత కళాశాల మీదికి మళ్లింది. విజయనగరంలో ఏ వాదన మొదలుపెట్టినా చివరికి కోటకో సంగీత కళాశాలకో చేరుతుంది.

నేను: ఈ ఊరి సంగతే తీసుకో. 1919లో విజయరామ గజపతి గానపాఠశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుని మొదటి ప్రిన్సిపాల్‌ని చేశారు. ఏ జాబితా చూసి చేశారు? హరికథలో ఆయనకి సాటి లేరని చేశారు. తగిన మనిషిని వెతికి తెచ్చి కూర్చోబెట్టారు. ఆ బడి నిలబడింది, ఘంటసాల దాకా ఎంతమందో అక్కడ చదువుకున్నారు.

మావయ్య: రాజుగారికి చెవి ఉంది. దాసుగారి గొంతు విని పోల్చుకోగలిగారు. ఇవాళ నీ కొండ కింద బడికి మనిషిని వెతికే రాజెవరు? చెప్పు. నియోజకవర్గం ఇన్‌ఛార్జా?

నేను: ...

మావయ్య: ఇంకో సంగతి కూడా విను. దాసుగారు 1936లో దిగారు. ఆ కుర్చీలోకి ఎవరొచ్చారు? ద్వారం వెంకటస్వామి నాయుడు. ఆయన ఎక్కడి నుంచో ఊడిపడ్డారేటి? బడి పెట్టిన ఏడాదే వయొలిన్ అధ్యాపకుడిగా చేరారు. విద్యార్థిగా చేరదామని వచ్చినవాణ్ణి పంతులుగా కూర్చోబెట్టారని ఊళ్లో చెప్పుకుంటారు. పదిహేడేళ్లు అదే బడిలో, ఆ గదుల్లో, ఆ పిల్లల మధ్య ఉండి, అప్పుడు ప్రిన్సిపాల్ అయ్యారు. నేనంటున్నది ఇదే. బడిలో పండాలి మనిషి.

నేను: అదే బడిలో పండారు మావయ్యా! నువ్వు పండిందొక బడిలో, పెద్దవైంది ఇంకో బడిలో. జాబితా జోన్ మొత్తానిది, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ కలిపి. ఇచ్ఛాపురం పక్కన ముప్ఫై ఏళ్లు చెప్పిన మనిషి విశాఖ దిగువనున్న బడికి పెద్దగా వెళతాడు. ఒడియా మీడియం పిల్లల సంగతి తెలిసిన మనిషి అక్కడ ఏం చేస్తాడు? మొన్న వచ్చిన 2025 బదిలీల చట్టంలో హెడ్మాస్టరుకి ఒక చోట అయిదేళ్లే హద్దు, ఉపాధ్యాయులకి ఎనిమిది. ద్వారం వారి లెక్కన పదిహేడేళ్లు ఎవరికి దక్కుతాయి?

ఇక్కడ ఆయన నవ్వి, మోకాలి మీద చెయ్యి వేసి, "సరే, ఇది నీదే" అన్నారు. నాకు కూడా ఆ వాదన ముందు తోచలేదు, ఆయన ద్వారం పేరు ఎత్తాకే తోచింది.

నిజానికి చాలామంది ఆ కుర్చీ వద్దంటున్నారు. పక్క బడిలో నాకన్నా సీనియర్ అయిన మేడం ఒకరు పదోన్నతి వదులుకున్నట్టు రాసిచ్చేశారు. ఆరు, పన్నెండు, పద్దెనిమిదేళ్ల స్కేళ్లు ఆవిడకి ఎప్పుడో అందాయి, పదోన్నతితో జీతం పెద్దగా పెరగదు. ఇల్లు రెండవుతుంది. ఇంట్లో మంచం పట్టిన అత్తగారున్నారు. పిల్లల విషయంలో ఆవిడంత ఓపిక నాకు లేదు, బడిని ఆవిడ నడిపితే చూడాలని ఉండేది. అవకాశం అన్న మాట ఆవిడ దాకా వచ్చేసరికి నూటయాభై కిలోమీటర్ల దూరంగా మారిపోయింది.

మావయ్య: అందుకని ఏం చెయ్యమంటావు? ఆడవాళ్లందరికీ ఇంటి పక్కనే బడి ఇమ్మంటావా?

నేను: ఆవిడ ఉన్న బడిలోనే ఆ రెండో కుర్చీ పెట్టమంటాను. వైస్ ప్రిన్సిపాల్ అను, ఇంకేమన్నా అను. పీరియడ్లు సగానికి తగ్గించి, బిల్లుల సంతకం ఇచ్చి, చిన్నదో పెద్దదో అలవెన్సు ఇచ్చి. ఆ కుర్చీలో నాలుగేళ్లు పని చేసినవాళ్లకే పెద్ద కుర్చీ. నీ సీనియారిటీ వరసలోనే పిలువు, కానీ మధ్యలో ఆ మెట్టు ఉండాలి.

మావయ్య: ఆగాగు. పరీక్ష పోయిందేటి?

నేను: పోలేదు. పక్కన పెట్టాను.

మావయ్య: ఈ మెట్టు మాట నాకు నచ్చింది. డబ్బులెవరిస్తారు? ఈ రాష్ట్రంలో 2024–25 లెక్కల్లో ఒకే టీచరున్న బడులు 12,912. దేశంలోకెల్లా ఎక్కువ. ఒక్క మేస్టారికే దిక్కు లేని బడులు అన్నుంటే, రెండో పెద్దకి జీతమిమ్మంటే ఎవడింటాడు?

నేను: ఎవరో ఒకరు అడగకపోతే ఎవరూ వినరు. 2025లో బడుల పునర్విభజన జీవో 117 రద్దు చేసి ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు పెట్టినప్పుడు, మిగిలిపోయిన స్కూల్ అసిస్టెంట్లని వాటికి హెడ్మాస్టర్లుగా పంపారు కదా. నా స్నేహితురాలు పదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పేది. ఇప్పుడు ఒకటో తరగతి పిల్లలకి పలక పట్టుకోవడం నేర్పే బడికి పెద్ద. మంచి మనిషి కనక నేర్చుకుంటోంది. చిన్నపిల్లల బడి నడపడం వేరే విద్య అని, దానికి ముందు నెల రోజులైనా కూర్చుని నేర్చుకోవాలని ఎవరికీ తట్టలేదు.

మావయ్య: శిక్షణలంటావా? నేను వెళ్లాను బోలెడు. తెర మీద బొమ్మలు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్టు.

నేను: అవి శిక్షణలు కావు. జాతీయ విద్యావిధానం 2020లో హెడ్మాస్టరుకి కూడా ఏడాదికి కనీసం 50 గంటల నేర్చుకోవడం ఉండాలని రాశారు. ఢిల్లీలోని విద్యా పరిపాలన సంస్థ నీపాలో పాఠశాల నాయకత్వ కేంద్రం పెట్టారు, ఏడాది డిప్లొమా ఒకటి నడుపుతున్నారు. సింగపూర్‌లో పాఠం చెప్పేవాళ్లకి మూడు దారులుంటాయి. పాఠంలోనే ఎదగడం ఒకటి, విషయ నిపుణులు కావడం ఒకటి, బడి నడపడం ఒకటి. మూడోది ఎంచుకున్నవాళ్లని ఆరు నెలలకు పైగా బడి పని నుంచి తప్పించి చదివిస్తారు. పంజాబ్ ప్రభుత్వం 2023లో మొదటి విడతగా 36 మంది ప్రిన్సిపాళ్లని అక్కడికి పంపింది.

మావయ్య: ఇంగ్లండులో కూడా హెడ్మాస్టరు కావాలంటే ఒక సర్టిఫికెట్టు తప్పనిసరి చేశారని ఎక్కడో చదివాను.

నేను: 2009లో చేశారు. 2012లో తీసేశారు.

మావయ్య: చూశావా!

నేను: చూశాను. అందుకే దాస్తే నువ్వే అంటావని ముందే చెప్పాను. తీసేసినంత మాత్రాన అక్కర్లేదని తేలలేదు. అక్కర్లేదని అనుకున్నవాళ్లు వచ్చారంతే.

ఎండ తగ్గింది. కోనేటి వైపు నుంచి గాలి మొదలైంది. నడకకి వెళ్లే వేళ, కానీ ఆపరేషన్ అయిన కంటికి దుమ్ము పడకూడదని అత్తయ్య కదలనివ్వలేదు. ఆయన మళ్లీ అందుకున్నారు.

మావయ్య: నాకు ఒకటే అనుమానం. మీరంతా కుర్చీ చుట్టూ తిరుగుతున్నారు. గిడుగు రామమూర్తి గారు ఏం కుర్చీలో కూర్చున్నారు? పర్లాకిమిడిలో పంతులుగా 1911లో రిటైరయ్యారు. సవర పిల్లలకి వాళ్ల భాషలో పుస్తకాలు చేశారు, వాడుక భాష కోసం కొట్లాడారు. పదోన్నతి జాబితా చూసుకుంటూ కూర్చుంటే అవన్నీ అయ్యేవా?

నేను: ఆ కొట్లాట ఎలా మొదలైందో కూడా చెప్పు మరి. యేట్స్ అనే దొర స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా మన వైపు వచ్చి, జనం మాట్లాడే తెలుగుకి, బడిలో చెప్పే తెలుగుకి ఇంత దూరమేమిటని అడిగాడు. విశాఖ ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఆ ప్రశ్న పట్టుకున్నాడు. గురజాడ, గిడుగు వాళ్లతో కలిశారు. ఒక ఇన్‌స్పెక్టరు, ఒక ప్రిన్సిపాల్, ఒక కవి, ఒక పంతులు. కుర్చీలో ఉన్నవాడు పాఠం గురించి అడిగాడు కనక పంతులికి బలమొచ్చింది. ఈ రెండేళ్లలో మా బడికి తనిఖీకి వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా నన్ను పాఠం గురించి అడగలేదు. ఫోటోలు అప్‌లోడ్ అయ్యాయా అని అడిగారు.

ఆయన నల్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. చాలాసేపయ్యాక గొంతు తగ్గించి అడిగారు.

మావయ్య: నువ్వు చార్జి తీసుకున్న రోజు ఏం లెక్కపెట్టావు?

నేను: బెంచీలు, ట్యాబులు, బియ్యం బస్తాలు, బీరువా తాళాలు. నగదు పుస్తకం.

మావయ్య: అడ్మిషన్ రిజిస్టరు?

నేను: ఉందో లేదో చూశాను. ఉంది.

మావయ్య: నేనూ అంతే చూశాను. తీరా రిటైరయ్యే వేసవిలో రికార్డులు అప్పజెప్పడానికి సర్దుతుంటే తెరిచాను. మనది సముద్రం పక్క బడి, నీకు తెలుసు కదా. ఆరో తరగతిలో చేరిన పేర్లు చూస్తూ, పదో తరగతి హాజరు పట్టీ పక్కన పెట్టుకున్నాను. టీసీ తీసుకోకుండా ఆగిపోయిన పేర్లు. వేరావల్ వేటకి తండ్రుల వెంట వెళ్లిపోయిన మగపిల్లలు. ఎనిమిదిలో ఆగిపోయిన ఆడపిల్లలు, ఎందుకాగారో వేరే చెప్పక్కర్లేదు. కొందరి మొహాలు గుర్తొచ్చాయి, కొందరివి రాలేదు. మూడేళ్లూ ఆ పుస్తకం నా వెనక బీరువాలోనే ఉందమ్మా.

నేను: మొదటి రోజే తెరిచి చూడమని చెప్పేవాళ్లు నీకుండాల్సింది మావయ్యా. నా వాదన అదే.

మావయ్య: నా ముందున్న పెద్దమేస్టారు చెప్పాలి. ఆయన చెప్పలేదు. నా తర్వాత వచ్చినవాడికి నేనూ చెప్పలేదు, సిగ్గేసింది. అయినా పరీక్ష మాట ఒప్పుకోను. ఆ రెండో కుర్చీ మాట రాయి, సంఘం వాళ్లకిద్దాం.

రాత్రి బస్సుకి తిరిగొచ్చాను. సోమవారం ప్రార్థన అయ్యాక బీరువా తీశాను. 2021లో ఆరులో చేరినవాళ్లు ఇప్పుడు పదిలో ఉండాలి. అక్కడి నుంచి మొదలుపెట్టాను. మా తెలుగు మేస్టారు పక్కన కూర్చుని, నేను చదివే ఒక్కో పేరుకీ ఊరు, ఇంటివాళ్లు, ఆఖరిసారి ఎక్కడ కనిపించారో చెబుతున్నారు. భోజనం గంట కొట్టేసరికి రెండు పేజీలయ్యాయి. ఆ రోజు పంపాల్సిన ఫోటోలు సాయంత్రం నాలుగున్నరకి పంపాను.